రెండు మీటర్ల రాగి

రిచీ వీధిలో మధ్యాహ్నం మూడు.
గొడుగుల కింద చార్జర్ల గుట్టలు, ఒంటిచెవి హెడ్‌ఫోన్లు,
బజ్జీల నూనె వాసనలో కలిసిపోయిన టంకం పొగ.
నేనడిగింది రెండు మీటర్ల తీగ.

"ఏ తీగ?" అన్నాడు రావుత్తర్,
నలభై ఏళ్లుగా అదే స్టూలు మీద
సర్క్యూట్లకి అతుకులేస్తూ కనుబొమలు కాల్చుకున్న మనిషి.
ఆయన తెలుగు అరవంలో నానింది,
నా అరవం తెలుగులో ఎండింది,
మధ్యలో కాల్క్యులేటర్ మాకు దుబాసీ.

ఒకటి జెర్రిపోతంత లావు, పైన నల్లటి వలతొడుగు,
లోపల ఆక్సిజన్ తీసేసిన రాగి అట,
మీటరు ధర నా స్కూటర్ సర్వీసింగంత.
ఒకటి వెండిపూత. దాన్ని పైఅరలోంచి దించే ముందు
ఆయన చెప్పులు విప్పాడు, ఎందుకో.
ఇంకోటి ఎరుపూ నలుపూ పెనవేసుకున్న మామూలు వైరు,
పెళ్లిపందిళ్లలో మైకుసెట్ల వాళ్లు గుంజలకి చుట్టేది.

అప్పటికే నెలరోజులుగా నాకు సరిగా నిద్ర లేదు.
యాంప్లిఫయర్ పుదుప్పేట తుక్కులో దొరికింది,
కుడి చానెల్‌కి కాస్త బద్ధకం.
స్పీకర్లు తిరువొత్తియూరులో ఎవరో ఇల్లు మారుతూ అమ్మినవి,
ఎడమ కోను మీద ఓ పసిపిల్ల గోటి గుర్తు.
ఇక మిగిలింది తీగే అని నమ్మాను.
మనిషి ఎప్పుడూ నమ్మేది అదే:
అన్నీ ఉన్నాయి, కలిపేదే సరైంది కాదని.

"తీగ లాగితే డొంకంతా కదులుతుంది" అంది వకుళ,
డొంక అంటే మా ఇంట్లో జీతం.

వెండిది కొనలేదు.
లావుపాటిది కొన్నాను, అబద్ధమెందుకు.
సంచి కట్టేటప్పుడు ఎరుపూ నలుపూ రెండు మీటర్లు
ఊరికే పడేశాడు రావుత్తర్,
కూరగాయల మీద కరివేపాకు పడేసినట్టు.

ఆదివారం.
వకుళ స్పీకర్ల వెనక చేరి
ఏది కడుతోందో చెప్పకుండా కడుతుంది.
నేను కళ్లు మూసుకుని చాప మీద.
అదే వీణ, అదే మృదంగం, అదే పదినిమిషాలు, ఏడుసార్లు.
నాలుగోసారి ఎగిరి కూర్చున్నాను:
"ఇదే! మీటే ముందు గోరు తగిలిన చప్పుడు కూడా,
విను, విను."
కళ్లు తెరిస్తే
లావుపాటిది వకుళ మెడలో దండలా వేలాడుతోంది.
ఆమె నవ్వలేదు.
నవ్వి ఉంటే బాగుండేది.

వారంపాటు ఏదీ కలపలేదు.

ఎనిమిదో రోజు పక్కవాటా మరకతమ్మాళ్ తలుపు కొట్టింది.
ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు గుద్దిన చెయ్యి,
తలుపునీ అలాగే గుద్దుతుంది.
ఫిర్యాదేమో అని
నా గొంతు ముందే వాల్యూమ్ తగ్గించుకుంది.

"రాత్రి తొమ్మిదింటికి గోడలోంచి ఒకటి వచ్చేది కదా,
డుమ్, డుమ్ అని.
వీణా గీణా నాకు రావు. మృదంగం ఎడమచెయ్యి ఒక్కటే వస్తుంది.
అది వినపడితే లేచి మంచినీళ్లు తెచ్చుకుంటాను.
వారంగా మాత్ర తప్పుతోంది."

ఆమె వెళ్లాక గోడని మొదటిసారి తడిమి చూశాను.
సున్నం, లోపల ఇటుక, పాత క్యాలెండర్ మేకు.
నేను ధర కట్టకుండా వదిలేసిన భాగం.
ఇది ఎన్ని గేజీలో రావుత్తర్‌ని అడగాలి.

ఎర్రదీ నల్లదీ కొనలు పళ్లతో ఒలిచి
వేళ్ల మధ్య మెలిపెట్టి బిగించాను.
లావుపాటిది వంటింటి కిటికీలో మసిగుడ్డలు మోస్తోంది,
ఆక్సిజన్ లేకుండానే.
ఈ ఊరి ఉప్పుగాలికి రాగి ఏడాదిలో చిలుమెక్కుతుంది,
అప్పుడు అంగుళం కోసేసి మళ్లీ ఒలుచుకోవాలి.
ఏడాదికో అంగుళం చొప్పున రెండు మీటర్లు,
డెబ్బై ఎనిమిదేళ్లు వస్తుంది.
గోడకి ఇటు మాకూ అటు ఆమెకీ చాలు.

తొమ్మిదైంది.
బాస్ కొంచెం పెంచాను.