రూటర్ చేతికిచ్చే ముందు

పోశెట్టీ, మొదలు ప్లగ్గు పీకు.
తీగ కొస నాకు కనవడాలె.
గప్పుడు బిట్టు మార్చు.
కాడను అడుగుదాక దించి
గోరుమందం పైకి లాగి బిగియ్యి.
అజ్మాన్ల కరెంటు మనూరి కరెంటు గాదు, పోదు.
నువ్వు మరిచినా అది మరవదు.

పలకకు రెండు దిక్కుల క్లాంపు కొట్టు,
నీ మోకాలు క్లాంపు గాదు.
అంగీ చేతులు మడువు. మూతికి మాస్కు,
ఈ ఎండీఎఫ్ పొట్టును దస్తీ ఆపదు.

బిట్టు గడియారం లెక్క తిరుగుతది.
బయటి అంచుకు నువ్వు గడియారానికి ఎదురు నడువు,
లోపలి జాలీకి గడియారం వెంట.
తప్పినవా, కొత్త కోడె పగ్గం గుంజినట్టు
నిన్ను గుంజుకపోతది.

ఒక్కసారికి మూడు మిల్లీమీటర్లు.
మజ్లిస్ తలుపు రేపే కావాలని
అర్బాబ్ నెత్తి మీద నిలవడ్డా
మూడే.
చెవి పెట్టి వినుకుంట పో:
మూలిగితే లోతెక్కువైంది,
కాలిన వాసనొస్తే నువ్వు ఆగినవ్.

స్విచ్చి ఆపినంక గూడ తిరుగుతది
ఇంకింత సేపు.
ఆ ఇంకింత సేపట్లనే

నిరుడు కార్డు రెన్యువలప్పుడు
అబాయ పిల్ల గాజు మీద చూపుడు వేలు పెట్టమన్నది.
నా చెయ్యి చూసింది. ఏమనలే.
కంప్యూటర్ల ఒక గడి నొక్కింది: లేదు.
నా కోసం కొత్తగ చేసిన గడి గాదది పోశెట్టీ,
ముందునుంచే ఉన్నది.

గా మూలకు ముక్కలున్నయ్, ఒకటి తెచ్చుకో.
మంచి పలక రేపు.
కండ్లద్దాలేవి?

ఆఁ. ఇగ పెట్టు ప్లగ్గు.