ఒక్క బంతీ పడలేదు

శుక్రవారం రాత్రి పదకొండు దాకా
ఐఫాన్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.
ఎనిమిది మంది దొరికారు. తొమ్మిదోవాడు
నైట్ షిఫ్టు దిగి నిద్రకళ్లతోనే వస్తానన్నాడు.
పదోవాడి తల్లి ఫోనెత్తి, వాడు స్నానంలో ఉన్నాడంది.
"స్నానమయ్యాక ఆడతాడా?" అని అడిగాడట.
పదకొండోవాడు తానే,
అరవై నాలుగేళ్ల మోకాళ్లతో.

శనివారం తెల్లవారకముందే హెఫిన్ గ్రౌండులో ఉన్నాడు.
కొండ మీంచి గొర్రెలు మళ్లీ దిగాయి.
గేటు గొళ్లెం ఊడి పదేళ్లయింది,
నారింజ రంగు పురికొసే దానికిప్పుడు గొళ్లెం.
చిన్న పార, బకెట్టు పట్టుకుని
మిడాన్ నుంచి మిడ్‌వికెట్ దాకా
పెంటికలు ఏరుకుంటూ వచ్చాడు.
బస్సు నడిపిన నలభై ఏళ్లలో
ఇంత నెమ్మదిగా ఏ దారినా పోలేదంటాడు.
తర్వాత రోలర్. మూతపడ్డ బొగ్గు గని వాళ్లు వదిలేసి పోయింది,
గని కంటే ఎక్కువ కాలం బతికింది.
తర్వాత సున్నం. క్రీజు గీసేటప్పుడు
ఊపిరి బిగబడతాడు,
పసిపిల్ల కంటికి కాటుక దిద్దుతున్నట్టు.

పదింటికి బ్రాన్వెన్ రొట్టెల అంచులు కోస్తోంది.
నలభై మందికి. గుడ్డు, చీజు, దోసకాయ.
అవతలి జట్టులో ఒక కుర్రాడికి వేరుశెనగ పడదని
ఐదేళ్ల కిందట ఎవరో చెప్పిన మాట
చీటీగా ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.
ఆ కుర్రాడు ఆట మానేసి మూడేళ్లు.

నేను పెన్సిళ్లు చెక్కుకున్నాను.
స్కోరు పుస్తకంలో తేదీ, ఊరి పేరు కుమ్ హెలిగ్,
ఐఫాన్ బతిమాలి పోగేసిన పదకొండు పేర్లు రాశాను.
టాస్ గడి ఖాళీగా ఉంచాను.

పన్నెండున్నరకి మొదటి చినుకు.
ఎవ్వరమూ చూడనట్టే ఉన్నాం.
ఒంటిగంటకి హెఫినూ ఐఫానూ కవర్లు లాక్కొచ్చారు.
వాటికి పదమూడు చిల్లులు,
పద్నాలుగోది ఈ ఏడాది పుట్టింది.
రెండింటికి లోయంతా ముసురు పట్టింది.
అంపైర్లు గొడుగు కింద నడిచి వెళ్లి
బూటు మడమతో నేలని ఒకసారి నొక్కి,
రోగి ఎదుట పెదవి విప్పని డాక్టర్లలా
ఏమీ అనకుండా తిరిగొచ్చారు.
మూడున్నరకి అవతలివాళ్లు కార్లెక్కారు.
వెనకే మావాళ్లూ. కుర్రాళ్లు,
శనివారం సాయంత్రం ఊరికే చేతికొస్తే వదులుతారా.

మిగిలింది నలుగురం, నలభై మంది తిండి.
ఐఫాన్ లెక్క చూశాడు:
టీ డబ్బులు రాలేదు, అంపైర్ల పెట్రోలు ఇచ్చుకోవాలి,
బంతి విప్పలేదు, అది లాభం.
డబ్బా మూత పెట్టి ఒక దోసకాయ ముక్క నోట్లో వేసుకున్నాడు.
"దానికి పౌండున్నర," అంది బ్రాన్వెన్.
మూత మళ్లీ తీశాడు, తన జేబులోంచి తీసి వేశాడు.

ఆరుకి ఐదు నిమిషాలుందనగా వాన ఆగింది.
ఆగడం కాదు, సిగ్గు లేకుండా ఎండ కాసింది.
బొగ్గు గుట్ట మీద మొలిచిన గడ్డి కూడా మెరిసింది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి పరుగూ రాశాను,
బ్యాటు ఒక్కసారీ పట్టలేదు.
ఎందుకన్నానో తెలియదు:
"హెఫిన్, నాకొక్క బంతి వేయకూడదూ?"
కవర్లు లాగుతున్నవాడు ఆగాడు.
నా వంక చూశాడు. నా చెప్పుల వంక చూశాడు.
ఐఫాన్ అప్పుడే బ్యాటు కోసం లోపలికి ఉరికాడు.
బ్రాన్వెన్ తడిచేతులు తుడుచుకుంటూ
స్లిప్‌లో తనే నిలబడతానంది.

"తడిగా ఉంది," అన్నాడు హెఫిన్. "ఎవరూ తొక్కద్దు."

ఇక చేసేదేముంది. తాడు బయట
నాలుగు కుర్చీలు వేసుకుని
ఎవరూ లేని పిచ్‌ని చూస్తూ రొట్టెలు తిన్నాం.
ఒక కాటుక పిట్ట తోకాడిస్తూ
గుడ్ లెంగ్త్ దగ్గర దిగింది.
దాన్ని మాత్రం హెఫిన్ ఏమీ అనలేదు.

పుస్తకంలో రాశాను: ఒక్క బంతీ పడలేదు.
వచ్చే శనివారం మ్యాచు పొరుగూళ్లో.
ఆ పై వారం అసలు మ్యాచే లేదు.
అంటే మూడు వారాలు ఇక్కడెవరూ ఆడరు.
హెఫిన్ లేచి వెళ్లి, గడ్డి కోసే మిషన్ మూత తిప్పి,
పెట్రోలు ఎంతుందో ఒంటికన్ను పెట్టి చూసుకున్నాడు.