వేలి కొస

గుణుపురం సంతవీధిలో, మందుల కొట్టు అరుగు మీద
దాలినాయుడు మావ నాడి చూసేవాడు.
సవర మాట రాదు. ఒడియా సగమే వచ్చు.
"సెయ్యిటియ్యి" అనడం మాత్రం మూడు భాషల్లోనూ వచ్చు.

మొగోళ్లకి కుడిచెయ్యి, ఆడోళ్లకి ఎడమ.
చూపుడువేలి కింద పాము, నడివేలి కింద కప్ప,
ఉంగరపువేలి కింద హంస.
"హంసనెప్పుడు సూసేవు మావా?"
"నేదర్రా. వంశధారలో బాతుల్ని సూసేను. సాల్దేటి?"

నేను మొదట పట్టిన చెయ్యి
పుట్టాసింగి కొండ దిగొచ్చిన ముసలమ్మది.
టపటపా కొట్టుకుంది.
"కప్ప!" అన్నాను, వీధంతా వినేలా.
మావ నవ్వలేదు.
"అది నీ ఏలిదిరా. గట్టిగా నొక్కితే
మన నెత్తురే మనకి ఇనబడతాది.
తేల్చి పట్టు, పాల మీద మీగడ తీసినట్టు."

ఆరు నెలలు పట్టింది
నా చప్పుడు నేను వదులుకోడానికి.
మేక తొడ లోపల వెతికేను,
నిద్రపోతున్న మా ఆవిడ మణికట్టు మీద వెతికేను.
విసుక్కుని చెయ్యి లాక్కునేది.

మొన్న ఆషాఢంలో మావ పడుకున్నాడు.
కరెంటు లేదు. డాక్టరు రాయగడలో.
లాంతరు ఎత్తి అందరూ నా మొహమే చూస్తున్నారు.
మూడు వేళ్లూ తేల్చి వేసేను.
పాము లేదు. కప్ప లేదు. బాతైనా లేదు.

ఇంకాస్త నొక్కేను.
కొట్టుకుంది.
"ఉంది" అన్నాను అత్తతో.

తెల్లారేదాకా
అడిగినప్పుడల్లా ఉందనే చెప్పేను,
వేలు తియ్యకుండా.