ఎడమ మలుపు

శనివారం రాత్రి, పదకొండున్నర.
పైన్ గ్యాప్ స్పీడ్‌వేలో దీపాలు
ఒక్కో స్తంభమే ఆర్పుకుంటూ వస్తున్నారు.
టవర్ గదిలో నేనూ, చల్లారిన కాఫీ,
ఇంకా ఏమీ రాయని జరిమానా కాగితం.

నూట నలభై ఒకటో ల్యాప్. మూడో మలుపు.
ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క తప్పింది.

ఇక్కడ వెనక బంపర్ తట్టడం నేరం కాదు,
కాస్త జరగవయ్యా అనే పలకరింపు.
తలుపు మీద టైరు నల్లగా సున్నా చుట్టి పోతే
వారమంతా తుడవకుండా
వచ్చినవాళ్ళకల్లా చూపించుకునేవాళ్ళున్నారు.
వాటికి నేనెన్నడూ పెన్ను తియ్యలేదు.

కానీ ఇది చూడండి.
ట్రేస్ మబ్రీ కారు లోపలి కెమెరా.
పంతొమ్మిదేళ్ళ చేతులు, కొత్త గ్లవ్స్.
ఈ ట్రాక్ మీద ఎవరైనా తిరిగేది ఎడమకే.
ఆ చేతులు కుడికి తిరిగాయి.
జారే కారుని నిలబెట్టుకునే చేతులూ కుడికి తిరుగుతాయి,
నాకు తెలుసు. అవి తడబడతాయి.
ఇవి నింపాదిగా తిరిగాయి,
కుళాయి కట్టేసినట్టు.

తర్వాత గోడ.
ఓర్విల్ స్టాన్‌బెరీ కారు, గోడ,
మళ్ళీ గోడ.

కుర్రాడి కారు ఓనరు, టైర్ల వ్యాపారి,
చెక్‌బుక్ చేత్తో పట్టుకునే వచ్చాడు:
"ఎంత రాయమంటారు, మిస్ లవీనియా?"
ఆయనకి జరిమానా అంటే ఇంకో టికెట్టు ధర.
కుర్రాడు నేల చూస్తూ ఒక్కమాటే అన్నాడు:
"తొంభై ఆరో ల్యాప్‌లో ముందు ఆయనే కదా కొట్టింది."
నిజమే. నేనూ చూశాను.
చూసి ఊరుకున్నాను.
తిలా పాపం తలా పిడికెడు.

ప్రమోటర్ ఫోన్. వచ్చే శనివారం పోస్టర్ అప్పుడే సిద్ధమట,
ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా.

అన్నిటికన్నా ఆఖర్న ఓర్విల్.
పగలంతా స్కూలు బస్సులు బాగుచేసే మనిషి,
మణికట్టుకి కట్టు, ఒంటినిండా కాలిన రబ్బరు వాసన,
మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చాడు.
"వాణ్ణి ఆపకు, లవీనియా. శిక్షలేం వద్దు.
వచ్చేవారం రానీ."
ఎంత మెత్తగా అన్నాడో.
ఇరవై మూడేళ్ళుగా ఎరుగుదును, మంచివాడు.
అందుకే భయమేసింది.
క్షమించినవాడు తేదీ అడగడు.

రాశాను.
మబ్రీ: ఆరు శనివారాలు. ఈ రాత్రి పాయింట్లు సున్నా.
డబ్బు గడిలో అడ్డగీత.
ఆరే ఎందుకు, ఐదు ఎందుకు కాదు అంటే
నా దగ్గర జవాబు లేదు.
ఒక మనిషి పిడికిలి వదులవడానికి ఎన్ని వారాలు పడుతుందో
ఏ రూల్ పుస్తకంలోనూ లేదు.
దాని కింద, చిన్న అక్షరాల్లో:
స్టాన్‌బెరీ, తొంభై ఆరో ల్యాప్, హెచ్చరిక.
అది అప్పుడే రాయాల్సింది.

ఓర్విల్ కాగితం చదివి
కుర్రాణ్ణి కూడా అలా చూసి ఉండడు,
నన్ను చూశాడు.
"అది నా బాకీ. నువ్వు లాక్కున్నావు."
అవును, ఓర్విల్.
నాకు జీతం ఇచ్చేది అందుకే.

ఆఖరి దీపమూ పోయింది.
ఇంటికి వెళ్ళాలంటే గేటు దగ్గర కుడికి తిరగాలి.
రోడ్డు మీద ఎవరూ లేరు.
అయినా చాలాసేపు
ఇండికేటర్ టిక్కు టిక్కుమంటూనే ఉంది.