రెండు వందల పధ్నాలుగు

లెక్కల పెద్దమనిషి లండన్ రైలు దిగి వచ్చి
మంగళవారం జాబితా రాసుకున్నాడు:
గడ్డి కోసే యంత్రం ఒకటి,
టీ కాచే పెద్ద డేగిసా ఒకటి, కుళాయి కారుతుంది,
ఎర్ర కుర్చీలు మూడువేల నాలుగువందల పన్నెండు,
విరిగినవి విడిగా.
చివరి వరుసలో, అదే చేతిరాతతో: క్లబ్బు పేరు.
ధర నిర్ణయించవలసి ఉంది.

పేరుకీ ధర ఉంటుందని
అప్పటిదాకా స్కార్త్‌విక్‌లో ఎవరికీ తెలీదు.
చేపల రేవు మూతబడ్డప్పుడు కూడా
రేవు పేరుని ఎవరూ బేరం చెయ్యలేదు.

నేను ఉత్తరం వైపు మూడో నంబరు గేటుని.
అవును, గేటునే. ముప్పై ఒక్క ఏళ్లు
నా కాలి కింద పెడలు నొక్కితే
ఇనప చువ్వ తిరిగేది, టిక్కు, ఒక మనిషి లోపలికి.
టిక్కు, గార్బట్ గారి కవలలు, ఒక టికెట్టు మీద ఇద్దరు,
నేను చూళ్లేదు.
టిక్కు, ముసలి హెస్కెత్, పక్కన ఆక్సిజన్ సిలిండరు.
గెలుస్తున్నామో ఓడుతున్నామో నాకు కేకల్ని బట్టే తెలిసేది.
చివరి పావుగంటే చూడనిచ్చేవాళ్లు.
నా ప్రేమంతా కూడితే అన్ని పావుగంటలు.

ఆగస్టులో గేటుకి గొలుసు పడింది.
యజమానిని మేం చూసింది రెండేసార్లు,
కొన్నప్పుడొకసారి, టీవీలో ఒకసారి.
మా మైదానం తాకట్టు పెట్టి
ఎక్కడో ఎండ కాసే ఊళ్లో హోటలు కట్టాడట, అదీ సగమే.
లీగు వాళ్లు ఉత్తరం పంపారు.
నూట పద్దెనిమిదేళ్లకి ఒక పేజీ.

ఆ రాత్రి జనం గొలుసు నిండా మఫ్లర్లు కట్టారు.
మోఫిజుల్ కొట్టు కట్టేసి అందరికీ ఊరికే చిప్స్ పంచాడు.
ఎవరో పాట ఎత్తుకున్నారు.
రెండో చరణం ఎవరికీ రాదని అప్పుడు తెలిసింది.

గడ్డికి మాత్రం దివాలా సంగతి చెప్పినవాళ్లు లేరు.
అది పెరుగుతూనే ఉంది.
క్లెమెంట్ శ్మశానం నుంచి కోత యంత్రం అరువు తెచ్చి
గోడ దూకి, యంత్రాన్నీ దూకించి
(ఎలాగని అడక్కండి)
ఎవరూ ఆడని మైదానాన్ని చారలు చారలుగా కోశాడు
అక్టోబరు దాకా.
పిచ్చా నీకు, అన్నాను.
"మంచాన పడ్డా తల దువ్వుతాం గదా" అన్నాడు.

చలికాలమంతా మెథడిస్టు హాల్లో మీటింగులు.
తలా పది పౌండ్లు, ఒక ఓటు, బోలెడు తగువులు.
చొక్కా రంగు మీదే మూడు వారాలు.
మా అన్న ఎడ్విన్ లేచి నిలబడి
"చచ్చినవాడి చొక్కా తొడుక్కుంటే
వాడు బతికొచ్చినట్టు కాదు" అన్నాడు.
తలుపు ధడేల్మంది.
ఆ మాటకి జవాబు ఇంకా నా దగ్గర లేదు.

ఇవాళ మొదటి ఆట.
స్కూలు మైదానం, పదకొండో మెట్టు లీగు,
ఒక మూల జెండాకి బదులు చీపురు కర్ర.
మా గోలీ అంబులెన్సు నడుపుతాడు, నిద్ర లేదు.
గేటూ లేదు. తాడు కట్టారు.
తాడు దగ్గర మనుషుల్ని ఎలా లెక్కపెట్టను?
ఇంట్లోంచి ఎండు బఠాణీలు తెచ్చుకున్నాను,
మనిషికొకటి, ఎడమ జేబు నుంచి కుడి జేబుకి.
బఠాణీ టిక్కుమనదు. నేనే అన్నాను, పెదాల లోపల.

గార్బట్ కవలలకి బట్టతలలు వచ్చాయి,
ఈసారి ఇద్దరూ డబ్బు కట్టారు.
హెస్కెత్ లేడు, ఆయన టోపీ మనవరాలి తలమీద వచ్చింది.
రెండు వందల పదమూడు.

వాన. నాలుగు గోల్స్ వెనకబడ్డాం.
మొదటి నిమిషం నుంచీ ఆట చూడటం నాకిదే మొదలు.
ఇంత అధ్వాన్నంగా ఆడతారని
ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు నాకు!

అప్పుడు చూశాను, రోడ్డవతల బస్ స్టాపులో
కుక్కని తిప్పుతున్నట్టు నిలబడ్డాడు ఎడ్విన్.
కుక్క ఎప్పుడో కూలబడి నిద్రపోయింది.
మావాళ్లకి కార్నర్ దొరికితే
అతని మడమలు రెండూ నేల వదిలాయి.
తాడు లోపల లేడు. డబ్బు కట్టలేదు.
రూలు ప్రకారం లెక్కలోకి రాడు.

ఒక బఠాణీ నా పిడికిట్లో ఉంది,
ఎడమ జేబుదీ కాదు, కుడి జేబుదీ కాదు.
తడికి కాస్త ఉబ్బినట్టుంది.