ఇసక కాళ్ళు

డాబాగార్డెన్స్ షాపులో కుర్రాడు
మనిషెత్తు స్పీకరు పక్కన నిలబడి
పాట పెడతానన్నాడు.
పాట తర్వాత బాబూ, అన్నాను.
దాని నెత్తిన చూపుడువేలు పెట్టి
చిన్నగా తోశాను.
ఊగింది.
ఊగి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ నిలబడింది.
కుర్రాడి మొహంలోకి రంగు మాత్రం
అంత తొందరగా తిరిగి రాలేదు.

ఇరవై రెండేళ్ళు హార్బర్లో క్రేను నడిపినవాణ్ణి.
ఏ వస్తువు కనబడినా ముందు
దాని బరువు ఎక్కడ కూర్చుందో చూస్తాను.
పెళ్ళిచూపుల్లోనూ అదే చూశానని
కనకలత ఇప్పటికీ దెప్పుతుంది.

హైలూ మిడ్లూ లోలూ అని
వాడు చెప్పుకుపోతున్నాడు.
వించుల మోతకి నా కుడిచెవి ఎప్పుడో సగం పోయింది.
వాడి పెదాలు చూస్తూ తలూపి
మా ఇంట్లో ఉన్న సరుకు చెప్పాను:
ఆరేళ్ళ జోషిత, తలుపు గడియదాకా పాకుతుంది.
రెండేళ్ళ నిహాలు, ఏది దొరికితే అది పట్టుకుని లేస్తాడు,
పట్టుకున్నది తనకంటే గట్టిదని నమ్ముతాడు.
లంగరు, మా కుక్క. పేరే గాని ఒక్కచోట ఆగదు,
వైరంటే దానికి చేపముల్లు.
బొగ్గు, యార్డులో దొరికిన పిల్లి.
గుడ్డ కనబడితే గోళ్ళు నూరుకుంటుంది.

కుర్రాడు పెన్ను జేబులో పెట్టేశాడు.
"మీకు గోడే గతి సార్."
గోడనీ అడిగి చూశాం నాయనా,
మా ఓనరు మేకు కొట్టనివ్వడు.
కేలండరు కూడా కిటికీ ఊచకే వేలాడుతుంది.

అప్పుడు గోదాంలోంచి ఎర్రన్నంటే ఒక ముసలాయన
రెండు పొట్టి పెట్టెలు తెచ్చి కింద పెట్టాడు.
ముందువేపు ఇనప జల్లెడ,
కింద వెడల్పాటి పీట మీద లావుపాటి స్టాండు.
"కాళ్ళు డొల్ల, ఇసక పోసుకోండి.
ఏనుగొచ్చి రాసుకున్నా కదలవు" అన్నాడు.
వైరు కూడా ఆ కాళ్ళలోంచే దిగిపోతుందట.
ధర అడగడం మర్చిపోయాను.
కనకలత మర్చిపోలేదు.

ఆదివారం పొద్దున్నే జాలరిపేట ఒడ్డునుంచి
రెండు బకెట్ల ఇసక మోసుకొచ్చాను.
"ఉప్పు ఇనుముని తినేస్తాది,
మా అయ్య పడవ మేకులు చూసేను" అంది కనకలత.
ఐదుసార్లు కడిగింది.
కడిగిన ప్రతిసారీ వేలు ముంచి
నాలిక్కి రాసుకుని చూసింది.
మేడ మీద పాత చీర పరిచి ఆరబోశాం.
బొగ్గు వచ్చి, వాసన చూసి,
ఇంతకాలానికి తనకో మంచి దొడ్డి కట్టించారనుకుని
పని కానిచ్చి, మర్యాదగా కప్పెట్టి వెళ్ళింది.
మళ్ళీ ఆరోసారి.

సాయంత్రం జోషిత కాగితం గొట్టం చుట్టి
టీ గ్లాసుతో పోస్తా కూర్చుంది.
నిహాలు ఒక చిటికెడు తిన్నాడు.
చివర్లో గోరంత గవ్వొకటి జారి లోపలికి పడింది.
వంచి తీద్దామన్నాను.
"ఉండనీ నానా, దానిల్లు అదే కదా!"

రాత్రి చూపుడువేలు పెట్టి తోశాను.
తర్వాత అరచేయి.
తర్వాత ఎవరూ చూడకుండా భుజం.
కదల్లేదు.
నా వెనకే నిహాలు వచ్చాడు.
రెండు చేతులా దాన్ని కరుచుకుని
మోకాళ్ళమీంచి లేచి నిలబడ్డాడు.
వదిలేసి చప్పట్లు కొట్టి
ధబ్బున కూలబడ్డాడు.
పడింది వాడొక్కడే.

సినిమా మొదలైంది.
లంగరు పీట పక్కన మూతి ఆనించి పడుకుంది.
తెరమీద ఎక్కడో ఉరుము.
"నానా, గవ్వ గలగలమంటోంది, విను!" అంది జోషిత.
ఎడమచెవి తిప్పాను. ఏమీ లేదు.
కాలు మీద చేయి వేశాను.
కడిగి ఆరబెట్టిన సముద్రం
అరచేతి కింద
సన్నగా వణుకుతోంది.
ఆఁ, వినబడుతోందమ్మా, అన్నాను.