రోజు విడిచి రోజు

మా వారాసిగూడ గల్లీకి
నల్లా రోజు విడిచి రోజు.
తెల్లారుజాము నాలుగింటికి పైపు గొంతు సవరించుకుంటది.
ముందు గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాత నీళ్లు.
పన్నెండేండ్ల సంది ఆ చప్పుడు
నాకంటె ముందు బఠాణీకే వినపడేది.
ఒక్కటే మొరుగు.
మళ్లా ముడుచుకొని పండేది,
బిందె నింపుడు నా పని అన్నట్టు.

ఇప్పుడు దానికి సెలైన్ కూడ రోజు విడిచి రోజే.
నల్లా రాని రోజు.

కిడ్నీలు కాయితం మీద అంకెలైనయి.
నుజత్ డాక్టరమ్మ ఒక అంకె కింద గీత గీసింది,
దాని కింద ఇంకో గీత గీసింది,
పెన్నుకు మూత పెట్టింది.
"ఇంట్లనే ఎక్కించుకోవచ్చు, నేర్పుత.
టైలర్ కదా మీరు."

ముప్పై ఏండ్లు సూది పట్టిన చెయ్యి ఇది.
జార్జెట్ మీద జారలే, జరీకి బెదరలే.
మెడ వెనక తోలును డేరా లెక్క ఎత్తి
ఆ డేరా లోపలికి సూది దింపమంటే
నా వేళ్లు నావి కాకుంట పోయినయి.
మొదటి రోజు అటు దూరి ఇటు తేలింది,
బొచ్చంత ఉప్పునీళ్లు.
బఠాణీ మెడ తిప్పి చూసింది,
కొలతలు తప్పు రాసుకున్న నన్ను
ఓపిక గల గిరాకీ చూసినట్టు.

కుట్టిన జాకెట్లు తగిలించే మేకుకే
ఇప్పుడు బాటిల్.
ఒక చెయ్యి సూది కదలకుండ,
ఒక చెయ్యి దాని చెవి కింద.
ఎక్కిన నీళ్లు భుజం కాడ మూపురమై
మెల్లగ ముందుకాలికి దిగుతయి.
ఒక్క కాలికే బుట్టచెయ్యి కుట్టినట్టు
కుంటుకుంట తిరుగుతది నా పిల్ల.

ఎల్లేశం నైట్ డ్యూటీ దిగి వస్తనే
చెప్పులు విడువక ముందే
బాటిల్ చంకల పెట్టుకుంటడు,
చల్లనిది ఎక్కితే వణుకుతదని.
నాకు జరమొచ్చిననాడు
గ్లాసెడు నీళ్లు వెచ్చజెయ్యని మనిషి!

"మనిషికే దిక్కులేదు, కుక్కకు గింత ఖర్చా?"
అంటరు కొలతలకొచ్చినోళ్లు.
నోట్ల గుండుసూదులు పెట్టుకుంట.
జవాబు చెప్పకుంట ఉండెతందుకు
మా పనిల అదొక సౌలత్.

"ఇంకో సూది కూడ ఉంటదమ్మా,
మీరు చెప్పిననాడే" అన్నది డాక్టరమ్మ మొన్న.
నేను సంచి సర్దుకున్న.
సర్దినదే మళ్లా సర్దుకున్న.

నిన్నటి సంది ఒంటికి పోలే.
ఎత్తుకొని పోయి దాని కరెంటు స్తంభం కాడ నిలబెట్టిన.
వాసన చూసింది, ఊరి పేపరు చదివినట్టు.
అంతే.
ఒక రాత్రి గడిచింది, ఒక పగలు గడిచింది,
మెషిన్ తొక్కుతున్న గని
దారం లేకుంట కుట్టిన అరగంట.

నాలుగింటికి పైపు దగ్గింది.
మొరగలే. ఒక చెవి మాత్రం లేచింది.
నేను బిందె పెట్టి వచ్చేసరికి
తనంతట తాను లేచి,
గోడ పట్టుకున్నట్టు నడిచి,
కత్తిరింపుల చాప మీదికి పోయి,
తుల్జాబాయి బిడ్డ ఎంగేజ్‌మెంట్ జాకెట్,
చిలకపచ్చ పట్టు ముక్క,
దాని మీద
తీరుబడిగ...

"ఎల్లేశం! వచ్చింది! వచ్చింది!"

బిందెలతోని నిలబడ్డ గల్లీ అంత విన్నది.
మూడో ఇంట్ల నుంచి ఎవరో అరిచిన్రు:
"మాకింక రాలే!"

ఇద్దరం నవ్వుకుంట కూలబడ్డం.
ఆయన మొహం తుడుచుకున్నడు, నేను చూడనట్టున్న.
బిందె నిండి పొర్లుతున్నది.
బఠాణీ పోయి ఆ పొర్లేది నాకింది.

పట్టు మరక పోదు, నాకెరుకే.
తుల్జాబాయికి ఏం చెప్పాలె?
ఉన్నది చెప్త, కొత్త ముక్క కొనిస్త.
పైసలెక్కడియంటే... చూస్త.

రేపు నల్లా లేదు.
మేకు మీది జాకెట్లు తీసి
పక్కన పెట్టిన.